దిగులుకూ ఒక వేళ

రాత్రి తొమ్మిదింటికి పైఅధికారి దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చిందనుకుందాం. "రేపు ఒకసారి నన్ను కలవండి." అంతే. కారణం రాయలేదు. చదివిన మనిషికి మొదట వచ్చే ఆలోచన మామూలుదే: ఎందుకు రమ్మన్నారో? ఆ వెంటనే, పోయిన వారం ఇచ్చిన రిపోర్టులో తప్పేమైనా దొర్లిందేమో. ఆ తర్వాత, మొన్న మీటింగులో నేనన్న మాట ఆయనకు గుచ్చుకుందేమో. అక్కడి నుంచి ఉద్యోగం, ఇంటి లోను, పిల్లల ఫీజులు. చూస్తుండగానే పదకొండు అవుతుంది. మెసేజ్‌లో ఒక్క అక్షరం మారలేదు. కొత్తగా తెలిసింది ఏమీ లేదు. కానీ తొమ్మిదింటికి లేని భయం పదకొండింటికి గుండెల్లో కూర్చుంది.

అతిగా ఆలోచించడం అంటే ఇదే. ఎంతసేపు ఆలోచించారన్నది ఇక్కడ అసలు కొలత కాదు. వచ్చే పంటకు పత్తి వేయాలా, మిర్చి వేయాలా అని ఒక రైతు పది రోజులు ఆలోచించవచ్చు. విత్తనం ధర కనుక్కుంటాడు, నీళ్లు చూసుకుంటాడు, పక్క రైతును అడుగుతాడు. చివరికి ఒక నిర్ణయానికి వస్తాడు. అది ఆలోచన. అరగంట గడిచాక ఒక నిర్ణయమో, ఒక కొత్త సమాచారమో, చేయాల్సిన ఒక పనో చేతికి వచ్చిందా అని చూసుకోవాలి. మూడింట్లో ఏదీ రాకుండా మొదలుపెట్టిన చోటుకే వస్తూంటే, అది గానుగెద్దు నడక.

ఈ తిరుగుడు రెండు వైపులా సాగుతుంది. జరిగిపోయిన దాని చుట్టూ తిరిగితే మానసిక శాస్త్రజ్ఞులు రూమినేషన్ (గతాన్ని, మన బాధను పదే పదే తలపోసుకోవడం) అంటారు. జరగబోయే దాని చుట్టూ తిరిగితే వర్రీ (ఏమవుతుందోనన్న దిగులు). పేర్లు వేరైనా అలవాటు ఒకలాంటిదే. ఒకే మనిషిలో పగలు ఒకటి, రాత్రి ఒకటి కనిపించడం కూడా మామూలే. ఇది దానంతటది జబ్బు కాదు. కానీ డిప్రెషన్, ఆందోళన ముదరడానికి దారి వేస్తుంది.

దీన్ని గట్టిగా చూపించిన పరిశోధన ఒకటి అనుకోకుండా కుదిరింది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో సుసాన్ నోలెన్-హోక్సెమా అనే మానసిక శాస్త్రవేత్త విద్యార్థుల మనఃస్థితి గురించి ప్రశ్నపత్రాలు నింపించుకున్నారు. మనసు బాగాలేనప్పుడు మీరేం చేస్తారు, దాని గురించే ఆలోచిస్తూ కూర్చుంటారా, వేరే పనిలో పడతారా అన్నది అందులో ఒక భాగం. ఆ తర్వాత రెండు వారాలకు, 1989 అక్టోబర్ 17న, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతాన్ని లోమా ప్రియెటా భూకంపం కుదిపేసింది. ఆమె అదే విద్యార్థులను మళ్లీ పలకరించారు. మొత్తం 137 మంది. భూకంపం తర్వాత పది రోజులకు ఒకసారి, ఏడు వారాలకు మరోసారి. ప్రమాదాన్ని దగ్గరగా చూసినవాళ్లలో పది రోజులప్పుడు బాధ ఎక్కువగా ఉంది. అది ఎవరైనా ఊహించేదే. ముందు నుంచే కుంగుబాటు ఉండి, దాన్నే తలపోసుకునే అలవాటున్న వాళ్లలో మాత్రం ఆ బాధ ఏడు వారాలకు కూడా ఎక్కువగానే ఉంది. అంటే ఒక మనిషి ఎంత కుంగిపోతాడన్నది తగిలిన దెబ్బ ఒక్కటే తేల్చదు. దెబ్బ తగిలాక మనసు ఏం చేస్తూ కూర్చుంటుందన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

ఇంత నష్టం ఉన్నప్పుడు మనసు ఆ పని ఎందుకు మానదు? నా ఉద్దేశంలో ఈ విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇది. దీని జవాబు తెలిస్తే ఉపాయాలు ఎలా పనిచేస్తాయో కూడా తెలుస్తుంది.

పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో థామస్ బోర్కోవెక్ అనే శాస్త్రవేత్త దశాబ్దాల పాటు దిగులునే పరిశోధించారు. ఆయన గమనించిందేమిటంటే, దిగులు ఎక్కువగా మాటల్లో నడుస్తుంది, బొమ్మల్లో కాదు. భయపడే దృశ్యాన్ని కళ్లకు కట్టినట్టు ఊహించుకుంటే గుండె ఒక్కసారి దడదడలాడుతుంది. అదే విషయాన్ని "అలా అయితే ఏం చేయాలి, ఇలా అయితే ఎవరినడగాలి" అని మాటలుగా సాగదీస్తే శరీరానికి తగిలే కుదుపు తగ్గుతుంది. ఆ క్షణానికి అదొక ఉపశమనం. అందుకే మనసు మళ్లీ అదే దారి పడుతుంది. కుదుపు తగ్గింది గానీ అసలు భయం ఎదురుపడి తేలిపోలేదు. కాబట్టి అది అలాగే మిగిలి ఉంటుంది.

రెండో కారణం ఇంకా సూక్ష్మమైనది. మనం దిగులుపడే వాటిలో చాలా మటుకు జరగవు. కూతురు డల్లాస్‌లో ఉంటుంది, తల్లి విజయవాడలో. ఇక్కడ రాత్రి అయ్యేసరికి అక్కడ పగలు మొదలవుతుంది. రెండుసార్లు ఫోన్ చేస్తే అమ్మాయి ఎత్తలేదు. ఆ తల్లి రాత్రంతా నిద్రపోదు. తెల్లారి ఫోన్ వస్తుంది: ఆఫీసులో పని ఎక్కువైంది, చూసుకోలేదమ్మా అని. అమ్మాయి క్షేమంగా ఉన్నది తల్లి మేలుకుని ఉన్నందువల్ల కాదు. కానీ రాత్రంతా దిగులుపడటం, ఉదయం మంచి కబురు రావడం వెంట వెంటనే జరిగాయి. మనసు ఆ రెండింటినీ ముడేసుకుంటుంది. పైగా మన ఇళ్లలో దిగులుపడటాన్ని ప్రేమకూ బాధ్యతకూ గుర్తుగా చూస్తాం. దిగులుపడని తండ్రికి పిల్లల మీద పట్టింపు లేదనుకుంటాం. బ్రిటన్‌కు చెందిన క్లినికల్ సైకాలజిస్టు ఏడ్రియన్ వెల్స్ తన చికిత్సను ఇలాంటి నమ్మకాల మీదే నిర్మించారు. వీటిని మెటాకాగ్నిటివ్ (మన ఆలోచనల గురించే మనకుండే) నమ్మకాలు అంటారు. దిగులు మనల్ని కాపాడుతుందనే నమ్మకం లోపల ఉన్నంతకాలం దాన్ని వదులుకోవడానికి మనసు ఒప్పుకోదు.

ఈ అలవాటు పాతదే. దానికి ఇప్పుడు మేత ఎక్కువైంది. ఉత్తరం రోజుల్లో జవాబు రాకపోతే తపాలా ఆలస్యం అనుకునేవాళ్లం. ఇప్పుడు అవతలివాళ్లు మెసేజ్ చదివారని నీలం టిక్కులు చెబుతాయి. చదివి ఎందుకు జవాబివ్వలేదో మాత్రం చెప్పవు. సగం తెలిసి సగం తెలియని ఆ చోటును మనసు తనకు తోచిన కథతో నింపుకుంటుంది.

ఇలా బాధపడే వాళ్లకు చుట్టుపక్కల వాళ్లు ఇచ్చే సలహా దాదాపు ఎప్పుడూ ఒకటే: "అదే పనిగా ఆలోచించకు, మర్చిపో." ప్రేమతో చెప్పే మాటే. కానీ పనిచేయదు. ఎందుకు పనిచేయదో మానసిక శాస్త్రవేత్త డేనియల్ వెగ్నర్ 1987లో అచ్చయిన ఒక చిన్న ప్రయోగంలో చూపించారు. టెక్సాస్‌లోని ట్రినిటీ యూనివర్సిటీ విద్యార్థులను ఒక్కొక్కరిగా గదిలో కూర్చోబెట్టి, మనసులో మెదిలినదంతా పైకి చెప్పమన్నారు. ఒక్క షరతు: ఐదు నిమిషాలపాటు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించకూడదు. ఆలోచన వస్తే గంట కొట్టాలి. సగటున నిమిషానికి ఒకసారి కంటే ఎక్కువగానే అది వాళ్లకు గుర్తొచ్చింది. అంతకన్నా విశేషం తర్వాత జరిగింది. ఇప్పుడు ఎలుగుబంటి గురించి ఆలోచించవచ్చు అన్నాక, ముందు దాన్ని అణచుకున్న వాళ్లకే అది ఎక్కువసార్లు వచ్చింది. మొదటి నుంచీ స్వేచ్ఛగా ఆలోచించిన వాళ్లకు అన్నిసార్లు రాలేదు.

వెగ్నర్ దీనికి చెప్పిన కారణం ఇది. ఒక ఆలోచనను వద్దనుకున్నప్పుడు మనసు రెండు పనులు చేయాలి. వేరే దాని మీదికి మళ్లాలి. వద్దన్నది మళ్లీ వచ్చిందా లేదా అని కాపలా కాయాలి. ఆ కాపలా కాయడానికి వద్దన్న ఆలోచననే గుర్తుపెట్టుకోవాలి. మొదటి పనికి శ్రమ కావాలి, రెండోది దాదాపు దానంతటదే జరిగిపోతుంది. అలసిపోయినప్పుడు మొదటిది సడలుతుంది, రెండోది మిగులుతుంది. పగలంతా ఎలాగో నెట్టుకొచ్చిన ఆలోచన రాత్రి పక్కమీదికి చేరగానే ఎందుకు మీద పడుతుందో దీనివల్ల అర్థమవుతుంది. అదే పరిశోధనలో ఇంకో సంగతి తేలింది. ఎలుగుబంటి గుర్తొచ్చినప్పుడల్లా ఒక ఎర్ర ఫోక్స్‌వ్యాగన్ కారును తలచుకోండి అని చెప్పినవాళ్లకు ఆ తర్వాతి ఎదురుదెబ్బ తగ్గింది. మనసుకు వద్దు అని చెబితే వినదు. ఎటు వెళ్లాలో చెబితే కొంత వింటుంది.

ఇక ఉపాయాల సంగతి. పుస్తకాల్లో, వీడియోల్లో ఇవి డజన్ల కొద్దీ దొరుకుతాయి. అన్నీ ఒకేసారి మొదలుపెట్టడం కంటే రెంటిని బాగా పట్టుకోవడం మేలని నా అభిప్రాయం. ఒకటి దిగులుకు వేళ పెట్టడం. రెండోది ప్రశ్న మార్చడం.

వేళ పెట్టే పద్ధతిని బోర్కోవెక్, ఆయన సహచరులు 1983లో ప్రచురించారు. దీని మూలం నిద్రలేమి చికిత్సలో ఉంది. రిచర్డ్ బూట్జిన్ అనే మానసిక శాస్త్రవేత్త 1970ల్లో నిద్రపట్టని వాళ్లకు ఒక సూత్రం చెప్పారు: పడకను నిద్రకే ఉంచండి, నిద్ర రాకపోతే లేచి వేరే గదిలోకి వెళ్లండి, నిద్ర ముంచుకొచ్చినప్పుడే తిరిగి రండి. అలా చేస్తే పడక అంటే నిద్ర అని శరీరం మళ్లీ నేర్చుకుంటుంది. బోర్కోవెక్ ఇదే సూత్రాన్ని దిగులుకు వాడారు. బస్సులో, వంటింట్లో, భోజనం దగ్గర, మంచం మీద దిగులుపడితే ఆ చోట్లన్నీ దిగులును గుర్తుచేసేవే అవుతాయి. దాన్ని ఒక చోటికి, ఒక వేళకు కట్టేస్తే మిగతా రోజు కొంత ఖాళీ అవుతుంది.

చేసే తీరు ఇలా ఉంటుంది. రోజూ ఒకే సమయం, ఒకే చోటు, అరగంట. సాయంత్రం ఆరున్నర, వరండాలో కుర్చీ అనుకోండి. పడుకునే ముందు సమయం వద్దు, మంచం అసలు వద్దు. పగలు ఎప్పుడు దిగులు మొదలైనా ముందు దాన్ని గుర్తుపట్టాలి. "ఇదిగో, మొదలైంది" అనుకోవాలి. చిన్న కాగితం మీదో ఫోన్‌లోనో రెండు మాటల్లో రాసుకోవాలి: అమ్మాయి ఫోన్, లోను కిస్తీ. "దీని సంగతి ఆరున్నరకు చూస్తాను" అని చెప్పుకుని చేతిలో ఉన్న పని మీదికి రావాలి. కూర తరుగుతుంటే కత్తి మీదికి, నడుస్తుంటే అడుగు మీదికి. ఐదు నిమిషాల్లో ఆలోచన మళ్లీ వస్తుంది. అప్పుడూ అదే మాట. ఇందులో అణచివేత లేదు. ఆలోచనకు తలుపు మూయలేదు, వేళ చెప్పి పంపాం. అందుకే తెల్ల ఎలుగుబంటి విషయంలో జరిగిన ఎదురుదెబ్బ ఇక్కడ తక్కువ.

ఆరున్నరకు నిజంగా కూర్చోవాలి. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. పగలు బాగానే గడిచింది కదా అని సాయంత్రం కూర్చోవడం మానేస్తారు. అప్పుడు మనసుకు మన మాట మీద నమ్మకం పోతుంది. మర్నాడు వాయిదా ఒప్పుకోదు. కూర్చుని కాగితం విప్పితే కొన్ని అప్పటికే చప్పబడి ఉంటాయి, వాటిని కొట్టేయండి. మిగిలినవాటిని రెండుగా విడదీయండి. నేను ఏదైనా చేయగలిగినవి ఒక వైపు, నా చేతుల్లో లేనివి ఒక వైపు. మొదటి వైపు ఉన్న ప్రతి దానికీ ఒక చిన్న పని, ఒక రోజు రాయాలి: "బుధవారం బ్యాంకుకు వెళ్లి అడగాలి." రెండో వైపు ఉన్నవాటి గురించి ఆ అరగంట దిగులుపడటానికి పూర్తి అనుమతి ఉంది. అరగంట కాగానే లేవాలి.

కొన్ని ఆలోచనలు "నేను సాయంత్రం దాకా ఆగను, నాది అత్యవసరం" అంటాయి. వాటినొక ప్రశ్న అడగండి. సాయంత్రం లోపు చేయకపోతే నష్టం జరిగే పని ఇందులో ఉందా? గ్యాస్ కట్టేశానా అన్న అనుమానమైతే ఒకసారి వెళ్లి చూసి రండి. పరీక్ష ఫలితం ఎలా ఉంటుందో అన్నదైతే సాయంత్రానికి వాయిదా వేస్తే పోయేదేమీ లేదు. మొదటి వారం ఇదంతా కృత్రిమంగా అనిపిస్తుంది. అలవాటును మార్చే పని ఏదైనా మొదట అలాగే ఉంటుంది.

అదే కాగితానికి ఇంకో గడి చేర్చవచ్చు. ఎడమవైపు "ఏం జరుగుతుందని భయం", కుడివైపు "చివరికి ఏం జరిగింది". పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలోనే లూకాస్ లాఫ్రెనియర్, మిషెల్ న్యూమన్ ఈ పని చేయించి 2020లో ఫలితాలు ప్రచురించారు. అందులో ఉన్నవాళ్లు జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్ (అన్ని విషయాల మీదా అదుపులేని దిగులు ఉండే జబ్బు) తో బాధపడుతున్న 29 మంది. వాళ్లు రాసిన భయాల్లో 91.4 శాతం నిజం కాలేదు. చిన్న పరిశోధన ఇది, ఈ అంకెను అందరికీ వర్తింపజేయకూడదు. అయినా ఎవరి కాగితం మీద వాళ్ల లెక్క వాళ్లకు కనబడుతుంది. "అంతా మంచే జరుగుతుందిలే" అని ఎవరైనా ధైర్యం చెబితే మనసు "జరగకపోతే?" అని ఎదురడుగుతుంది. తన చేత్తో రాసుకున్న రెండు నెలల లెక్కతో అంత సులువుగా వాదించలేదు.

రెండో ఉపాయం ప్రశ్న మార్చడం. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీలో ఎడ్వర్డ్ వాట్కిన్స్ చాలా ఏళ్లుగా దీని మీదే పనిచేస్తున్నారు. ఒకే సమస్య గురించి రెండు రకాలుగా ఆలోచించవచ్చని ఆయన చూపించారు. "ఎందుకు" అని మొదలైతే ఆలోచన పైపైకి, అస్పష్టంగా సాగుతుంది. ఇంటర్‌లో మార్కులు తగ్గిన కుర్రాడు "నాకే ఎందుకిలా అవుతుంది, నేనెందుకిలా ఉన్నాను" అని తనను తాను ప్రశ్నించుకుంటాడు. ఆ ప్రశ్నకు జవాబు మార్కుల లిస్టులో లేదు. కాబట్టి వెతుకుతూనే ఉంటాడు, చివరికి "నాకు చదువు రాదు" అన్న తీర్పు దగ్గర ఆగుతాడు. అదే కుర్రాడు "ఫిజిక్స్‌లో ఏ పాఠాల దగ్గర మార్కులు పోయాయి, ఆ రోజు పరీక్షలో టైమ్ ఎక్కడ చాల్లేదు, సప్లిమెంటరీ లోపు ఏ రెండు పాఠాలు చదవగలను" అని అడిగితే ప్రతి దానికీ జవాబు ఉంటుంది. జవాబున్న ప్రశ్న ఆగుతుంది. జవాబు లేని ప్రశ్న తిరుగుతుంది. ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎలా. ఎందుకు అన్నదాన్ని మనసు తేలికపడిన రోజుకు ఉంచుకోవచ్చు.

మొదట చెప్పిన మెసేజ్‌ను ఇప్పుడు ఈ దారిలో చూద్దాం. "ఆయనకు నా మీద ఎందుకు కోపం" అన్నది ఊహ మీద కట్టిన ప్రశ్న. "ఇప్పుడు నేను చేయగలిగిందేమిటి" అంటే రెండు పనులు కనిపిస్తాయి. ఒకటి, "తప్పకుండా సర్. ఏ విషయమో చెబితే వివరాలు సిద్ధం చేసుకుని వస్తాను" అని జవాబు పెట్టడం. రెండు, పోయిన వారం రిపోర్టు ఉన్న ఫైలును బ్యాగులో పెట్టుకోవడం. ఈ రెండూ అయ్యాక ఆ రాత్రికి చేయడానికి ఇంకేమీ లేదు. ఆ సంగతి మనసుకు అప్పుడు గానీ నమ్మకంగా చెప్పలేం.

ప్రశ్న వేసుకునేటప్పుడు పేరు పెట్టి పిలుచుకోవడం కూడా కొంత మేలు చేస్తుంది. మిషిగన్ యూనివర్సిటీకి చెందిన ఈథన్ క్రాస్, ఆయన తోటి పరిశోధకులు 2014లో దీన్ని ప్రచురించారు. నలుగురి ముందు మాట్లాడబోయే ముందు "నేను" అని కాకుండా తమ పేరుతో తమను పిలుచుకుని మాట్లాడుకున్న వాళ్లు తక్కువ కంగారుపడ్డారు. "నేనేం చేయను" అని కాకుండా "సరళా, నువ్విప్పుడు ఏం చేస్తే బాగుంటుంది?" అని. స్నేహితురాలికి సలహా ఇచ్చేటప్పుడు మన బుర్ర ఎంత స్పష్టంగా పనిచేస్తుందో అందరికీ తెలుసు. పేరుతో పిలుచుకుంటే, బయటి మనిషిలా చూసే ఆ దూరం మన విషయంలో కూడా కాస్త దొరుకుతుంది.

రాత్రి నిద్రపట్టని వాళ్లకు ఇంకొకటి. మైకేల్ స్కలిన్ బృందం అమెరికాలో బేలర్ యూనివర్సిటీలో 57 మంది యువతీయువకులను నిద్ర ప్రయోగశాలలో పడుకోబెట్టింది. పడుకునే ముందు ఐదు నిమిషాలు కొందరు రాబోయే రోజుల్లో చేయాల్సిన పనులు రాశారు, కొందరు అప్పటికే ముగించిన పనులు రాశారు. 2018లో వచ్చిన ఫలితాల ప్రకారం చేయాల్సిన పనులు రాసినవాళ్లు దాదాపు తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్రపోయారు. వివరంగా రాసినకొద్దీ నిద్ర త్వరగా వచ్చింది. తొమ్మిది నిమిషాలు చిన్నదిగా కనిపించవచ్చు, కానీ ఖర్చు ఒక కాగితమే. ముగియని పని మనసులో తచ్చాడుతుంది. దానికి ఎప్పుడు, ఎలా అన్న ఏర్పాటు చేస్తే, పని పూర్తికాకపోయినా తచ్చాట తగ్గుతుంది. దీర్ఘంగా ఊపిరి వదలడం లాంటివి కూడా పనికొస్తాయి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కొంచెం తగ్గుతుంది. ఒంటిని కుదుటపరచడానికి అది చాలు, సమస్యను తేల్చడానికి చాలదు.

పక్కన ఉన్నవాళ్ల పాత్ర కూడా చెప్పుకోవాలి. ఇద్దరు స్నేహితులు ఒకే బాధను రోజూ గంటల తరబడి తవ్వుకుంటూ ఉంటే దాన్ని కో-రూమినేషన్ (కలిసి తలపోసుకోవడం) అంటారు. అమెరికా పరిశోధకురాలు అమాండా రోజ్ 2002లో పిల్లల స్నేహాలను పరిశీలించి చెప్పిన సంగతి ఇది: అలాంటి స్నేహాల్లో దగ్గరితనం ఎక్కువగా ఉంటుంది, కుంగుబాటు లక్షణాలు కూడా ఎక్కువగానే ఉంటాయి. అందుకని చెప్పుకోవద్దని కాదు. వినేవాళ్లు ఒకసారి పూర్తిగా, మధ్యలో అడ్డురాకుండా వినాలి. ఆ తర్వాత "సరే, రేపు ఇందులో ముందు ఏం చేద్దాం?" అని అడగాలి. నాలుగోసారి అదే కథ మొదలైతే ఇద్దరూ లేచి ఒక నడక నడిచి రావడం మంచిది.

ఈ పద్ధతులకు హద్దులున్నాయి. అప్పులవాళ్లు ఇంటి మీదికి వస్తున్నప్పుడు, ఇంట్లో కొట్టే మనిషి ఉన్నప్పుడు ఆలోచన ఆగకపోవడం మనసు లోపం కాదు. అక్కడ మారాల్సింది పరిస్థితి, కావాల్సింది మనుషుల సాయం. ఇంకొన్ని గుర్తులు కనిపిస్తే డాక్టరును కలవాలి. రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి దెబ్బతినడం, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం, తాళం వేశానా చేతులు కడుక్కున్నానా అని చేసిన పనినే ఆగకుండా చేయాల్సి రావడం, బతకడం ఎందుకన్న ఆలోచన రావడం. చివరిది కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు. మన కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలీ మానస్ సేవకు 14416 నంబరు మీద ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడవచ్చు. మొదట శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే మానసిక వైద్యుల దగ్గరికి పంపుతారు. ఫోన్ చేయడానికి జబ్బు పేరు తెలిసి ఉండాల్సిన పనిలేదు. "నాకు ఆలోచనలు ఆగడం లేదు, నిద్ర పట్టడం లేదు" అని చెబితే సంభాషణ మొదలవుతుంది.